నాలుగు మెట్లు

మా ఫిజియోథెరపీ గదిలో నాలుగు మెట్లున్నాయి.
ఎక్కితే గోడ.
వెనక్కి తిరిగి దిగాలి, అంతే.
తుంటి విరిగినవాళ్లు, గుండె కోయించుకున్నవాళ్లు,
ఈ లూయిస్ దీవిలో ఇంటికి పోతామన్న వాళ్లెవరైనా
ముందు ఆ గోడదాకా వెళ్లి రావాలి.

టోర్కిల్ మకాస్కిల్, డెబ్బై ఎనిమిదేళ్లు, నేతగాడు,
మొదటి మెట్టుకి చేతికర్ర ఆనించి అడిగాడు:
"మా ఇంట్లో మెట్లే లేవమ్మాయ్,
ఎవరింటికి పంపిస్తున్నావు నన్ను?"

నవ్వాను. ఎక్కించాను. టిక్కు పెట్టాను.
కెటిల్‌లో నీళ్లు పోసుకోగలడు, టిక్కు.
చొక్కా గుండీలు, టిక్కు.
కింది గుండీ పై కాజాలోకి పోయింది గాని
పడకముందు నుంచీ అంతేనట.
ఇవాళ ఏ వారం?
"నువ్వు రెండోసారి అడుగుతున్న వారం" అన్నాడు.
ఆ జవాబుకి ఫారంలో గడి లేదు.

పొద్దుటినుంచి మూడు ఫోన్లు.
పడకల లెక్క చూసే ఊనా:
"పదకొండో నంబరు ఎప్పుడు ఖాళీ?"
ఆమె తప్పేం లేదు.
కింద ఎమర్జెన్సీలో, స్ట్రెచర్ మీద
ఎవరో పెద్దావిడ రాత్రంతా
సీలింగు దీపాలు లెక్కపెడుతూనే ఉంది.

నాకేమో పేగీ గుర్తొస్తుంది.
మొన్న మార్చిలో అన్ని గడులూ నింపి పంపించాను.
నాలుగు మెట్లూ చకచకా ఎక్కింది,
టీ పెట్టి, చక్కెర ఎంతని అడిగి మరీ నాకిచ్చింది.
ఐదోరోజు అంబులెన్సులో తిరిగొచ్చింది,
నాలుక పిడచకట్టుకుపోయి.
పొయ్యి వెలిగించనే లేదట.
"ఒక్కదానికి ఏం వండుకుంటాను" అంది.
వండగలవా అని అడిగాను గాని
వండుకుంటావా అని అడగలేదు నేను.

అందుకే బుధవారం టోర్కిల్‌ని కారెక్కించుకుని
పీట్ తవ్విన నల్లటి బీళ్ల మీదుగా పడమటి ఒడ్డుకి వెళ్లాను.
గాలి. కారు తలుపు పట్టుకోడానికి
నాకే రెండు చేతులు కావలసొచ్చాయి.
గడప ఎత్తు కొలుద్దామని టేపు తీశానా,
ఆయన ఇంటి వంకైనా చూడలేదు,
పక్కనున్న రేకుల షెడ్డులోకి నడిచాడు.

లోపల మగ్గం.
ఆరు వారాల దుమ్ము, ఉన్ని జిడ్డు వాసన.
పడుగు బిగువుగానే ఉంది.
పేక ఒక వరస సగంలో ఆగిపోయి ఉంది,
నాడె ఇంకా అక్కడే.
అక్కడే పడ్డాడు.

కూర్చున్నాడు.
తొక్కుడు చెక్క మీద కుడికాలు వేశాడు,
ఎడమకాలు చేత్తో ఎత్తి పెట్టుకున్నాడు,
ఎవరిదో అప్పు తెచ్చుకున్న కాలులాగా.
ఇలాంటి పరీక్ష నా ఫారంలో లేదు.
ఉంటే ఆపమనే రాసి ఉండేది.
నేను ఆపలేదు.

టక.
చాలాసేపటికి, టక్.
మళ్లీ టక.
నేత తెలియని నాకే తెలిసిపోయింది,
రెండు చప్పుళ్ల మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ.

ఏడు వరసలు.
ఎనిమిదోదానికి ఆగి, చెమట తుడుచుకుని,
గుడ్డ మీద నా వేలు పట్టి నడిపించాడు:
ఇటు బిగువు, అటు వదులు,
నడుమ వెంట్రుకంత గీత.
"కొనేవాడు పట్టేస్తాడు" అన్నాడు.
కాసేపాగి,
"ఇంకో పదిరోజులు నీ పిచ్చి మెట్లు ఎక్కించు.
కాలు సరే, చప్పుడు కుదరాలి."

తిరుగు దారిలో వాన.
గొర్రెలు రోడ్డు దాటుతుంటే కారు ఆపాను.
ఆయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.
ఒళ్లో ఫారం. సిద్ధమా అన్నచోట
అవును, కాదు. రెండే గడులు.

ఫోను.
"పదకొండు?"
"పదిరోజులు" అన్నాను.
ఊనా ఏమీ అనలేదు.
ఆమె వెనకాల ఎక్కడో
నూనె లేని స్ట్రెచర్ చక్రం ఒకటి
కిర్రుమంటూ తిరుగుతోంది.